నాంచారమ్మ పలకలో పరాయి మాటలు

సోమవారం. ఉదయం పోటు.

నీళ్లు రెండో మెట్టు దగ్గర ఆగాయి. మంచినీళ్ల తొట్టి సగానికి ఉంది. సోలార్ ప్లేట్ల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. అన్నం వండి నా భార్య నాంచారమ్మకు పెట్టాను. ఆమె పలక సరిగా పనిచేయడం లేదు.

జరిగింది ఇది. నాంచారమ్మ ఎడమచేత్తో పలక మీద అన్నం బొమ్మను తాకింది. ఎప్పుడూ అయితే "అన్నం పెట్టండి" అనేది. ఇవాళ "ఏమేవ్, దీన్ని తినాలా, గోడకి పూయాలా?" అంది. గొంతు ఆమెదే. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. నన్ను ఏమేవ్ అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

పక్షవాతంతో ఆమె మాట పడిపోయినప్పటి నుంచి ఆమె తరఫున పలకే మాట్లాడుతోంది. కరకట్ట మీద ఉండేవాళ్లం పోటు హెచ్చరిక కోసం ఎక్కడికి వెళ్లినా పలకను మెడలో వేసుకునే పోతాం. అది మన మాటలు వింటూనే ఉంటుంది. గొంతు పోయిన మనిషికి ఆ విన్న మాటల్లోంచే ఏరి, ఆ గొంతుతోనే పలికిస్తుంది. పోయిన వారం దాకా నాంచారమ్మ పలక పది పదిహేను మాటలతో సరిపెట్టేది. తర్వాత కొత్త ప్రోగ్రాం ఎక్కింది. తేడా అక్కడే వచ్చినట్టుంది.

నేను ఎక్కువ చదువుకోలేదు. పోటు నీళ్లు తోడిపోసే పంపులు నడపడం నా పని. పంపులు, ఇన్వర్టర్లు, మోటార్లు అన్నీ పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నవే. ఏది చెడినా ముందు ఏం జరిగిందో రాస్తాను, తర్వాత ఏం చేశానో రాస్తాను. దీనికీ అలాగే రాస్తున్నాను.

మంగళవారం. ఎండ బాగా ఉంది.

పలకను ఆపి మళ్లీ ఆన్ చేశాను. తేడా లేదు. స్క్రీను అంచుల్లో చేరిన ఉప్పును మెత్తని గుడ్డతో తీశాను. ఛార్జింగు వైరు మార్చాను. నా పలకను పక్కన పెట్టి రెండింటి సెట్టింగులూ ఒక్కొక్కటిగా సరిపోల్చాను. అన్నీ ఒకటే.

నాంచారమ్మ కిటికీ బొమ్మ తాకింది. "ఆ తలుపు తియ్యవే తల్లీ, ఉడికి చస్తన్నాం" అంది పలక. కిటికీ తీశాను. తల దువ్వుతుంటే మళ్లీ తాకింది. "చేతులా అవి, పీత డెక్కలా?" అంది. ఆమె ముఖంలో కుడివైపు కదలదు. ఎడమవైపు కదిలింది. నొప్పి పుట్టిందేమోనని మెల్లగా దువ్వాను.

మధ్యాహ్నం అందరి పలకలకూ తరలింపు ప్రశ్న వచ్చింది. ఈ వర్షాలకు కరకట్ట నిలవదని తేల్చారు. ఎగువపేటలో మా లైనుకు ఫ్లాట్లు కేటాయించారు. అక్కడ ఆసుపత్రి ఉంది. నాంచారమ్మ చేతికీ కాలికీ రోజూ కసరత్తు చేయించే మనుషులు ఉన్నారు. ఇంతకాలం నేను ఎదురుచూసింది దీనికోసమే. మడ మొక్కలు నాటే ఆడవాళ్లు మాత్రం కావాలంటే మిట్ట మీది షెడ్లలో ఉండిపోవచ్చట. నాంచారమ్మ జబ్బు పడేదాకా ఆ పనే చేసింది. వాళ్ల జాబితాలోంచి ఆమె పేరు ఇంకా తీసేయలేదు. అందుకని ఉండిపోయే వీలు ఆమెకూ ఇచ్చారు. ఎవరి సమాధానం వాళ్ల పలకే చెప్పాలి. పెళ్లాం తరఫున మొగుడు చెబితే చెల్లదు.

నేను వస్తానని చెప్పాను. నాంచారమ్మ పలక ఆమెను అడిగింది. ఆమె తాకింది.

"నేను రాను. పోయేవోళ్లు పోండి. కట్ట సంగతి మేం చూసుకుంటాం."

అది నమోదు కాకముందే రద్దు నొక్కాను. కారణం అడిగింది. పలకలో లోపం అని పెట్టాను. ఆదివారం దాకా గడువు ఇచ్చింది.

నాంచారమ్మ నావైపే చూస్తూ ఉంది. బాగుచేస్తానని చెప్పాను.

బుధవారం. ఆటు. గాలి లేదు.

మాణిక్యం వచ్చింది. నాంచారమ్మ చెల్లెలు. ఇద్దరూ కట్ట కింద మడ నర్సరీలో కలిసి పనిచేసినవాళ్లు. మోకాళ్ల దాకా బురదతో గుమ్మంలో నిలబడి కాళ్లు కడుక్కుంటూనే మొదలుపెట్టింది.

"ఏం బావా, మా అక్క మాట్లాడతందంట గదా. లైనంతా చెప్పుకుంటన్నారు."

"పలక చెడింది" అన్నాను.

"చెడి?"

"ఏవేవో అంటోంది."

మాణిక్యం వెళ్లి అక్క పక్కన కూర్చుంది. నాంచారమ్మ చెయ్యి చాచి పలకను తాకింది. "వచ్చావా దొరసానీ. పొద్దెక్కిందాకా పడుకుని, పనంతా మా నెత్తిన పెట్టి పోదామనే?" అంది పలక. మాణిక్యం ముందు నవ్వింది. ఆ తర్వాత పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. మళ్లీ నవ్వింది.

"ఇది చెడటమా బావా? అక్క మాట్లాడేదే ఇట్టా గదా."

"ఇంట్లో ఎప్పుడూ అనలేదు."

"ఇంట్లో ఎవరితో అంటది? నీతోనా? నీకు చెప్పేదీ పంపుకు చెప్పేదీ ఒకటే. పంపైనా గుర్రుమంటది."

నేను పలక వెనక మూతకున్న స్క్రూలు చూస్తున్నాను. రెండు తుప్పు పట్టాయి.

"అక్క నా కాడ ఉంటది" అంది మాణిక్యం. "షెడ్డులో మంచం వేశా. ఎడం చెయ్యి బాగానే ఉంది. సంచుల్లో మొలక పెట్టటానికి ఒక చెయ్యి చాలు."

"కట్ట తెగితే ఎవరు మోస్తారు?"

"మేం ఇంతమందిమి ఉన్నాం. నువ్వొక్కడివి మొయ్యగా లేంది మేం మొయ్యలేమా?"

"ఎగువపేటలో కసరత్తు చేయిస్తారు. మాట కూడా తిరిగి రావచ్చు."

"వచ్చి నీతో ఏం మాట్లాడిద్ది బావా?"

నేను పంపు దగ్గరికి వెళ్లే వేళయింది. వెళ్లాను. మెట్లు దిగుతుంటే పలక ఏదో అంది, మాణిక్యం పకపకా నవ్వింది. ఏమందో వినపడలేదు.

గురువారం. మబ్బు. ఛార్జింగు తక్కువ.

పలకతో వచ్చిన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. లోపాల భాగంలో ఒకచోట ఇలా ఉంది: పలక ఉన్నట్టుండి ఇంట్లో ఎన్నడూ వినని మాటలు, పిలుపులు, ఎగతాళి వాడుతుంటే, అందులో మరొకరి మాటలు కలిసి ఉండవచ్చు. దీన్ని పరాయి మాటల చేరిక అంటారు. ఇంటివాళ్లు ఫిర్యాదు చేయాలి. పరీక్ష జరుగుతుంది. పరీక్షలో తేలితే, ఆ మాటలు తీసేసే అనుమతి ఇంటివాళ్లకు ఇస్తారు.

లక్షణాలన్నీ సరిపోయాయి. ఇంట్లో ఎన్నడూ వినని మాటలు. పిలుపులు. ఎగతాళి. పెళ్లయినప్పటి నుంచి ఆమె నాతో గొంతు పెంచి ఒక్కమాట అనలేదు. ఏది చెప్పినా "అట్టాగేనండి" అనేది. ఆ మనిషి ఒక్కవారంలో ఇలా మారడం ఉండదు.

ఫిర్యాదు పెట్టాను. రేపు వస్తామన్నారు.

శుక్రవారం. పోటు ముందే వచ్చింది.

తరలింపు ఆఫీసు నుంచి ఇమ్మానియేలు వచ్చాడు. కుర్రతనం పోని మనిషి, మర్యాదస్తుడు. ఎగువపేటలోనే పుట్టి పెరిగాడట. నాంచారమ్మకు వంగి నమస్కారం పెట్టాడు. పలక పలికేది ఆమె అనుకున్నదేనా, ఆమెకు ప్రశ్న అర్థమవుతోందా అన్నది పరీక్ష అని నాకు చెప్పాడు.

స్క్రీను మీద బొమ్మలు వచ్చాయి. గ్లాసు ఏదని అడిగితే గ్లాసు తాకింది. పడవ ఏదంటే పడవ. మాణిక్యం ఫొటోను వెంటనే పట్టుకుంది. ఇమ్మానియేలు నావైపు చూసి, "బాగానే ఉన్నారు బాబాయిగారూ" అన్నాడు.

చివర నాలుగు పేర్లు వచ్చాయి. మీ భర్త పేరును తాకండి అంది పలక. మొదట్లోనే ఉంది నా పేరు, పిచ్చేశ్వరరావు అని. ఒక్కో పేరునూ పలక పైకి చదివింది.

నాంచారమ్మ చెయ్యి కదల్లేదు. పలక మళ్లీ అడిగింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని పమిట కింద పెట్టుకుంది.

"అమ్మా, మీ ఆయన పేరు ఇందులో ఉందా?" అన్నాడు ఇమ్మానియేలు.

ఆమె తల దించుకుంది.

ఎందుకో నాకు తెలుసు. మావాళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు, వేలితో చూపించరు. రేషన్ దగ్గర అడిగితే పక్కనున్నవాళ్ల చేత చెప్పించేది. పెళ్లయి ఇంటికి వచ్చిన రోజు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి, పేరు చెబితేగాని లోపలికి రానివ్వమంటే ఒకసారి అంది. అది కూడా నాకు వినపడలేదు. విన్నామని వాళ్లే దారి ఇచ్చారు.

ఆ సంగతి ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆ ప్రశ్న తీసేసి ఇంకొకటి అడుగు బాబూ అంటే అడిగేవాడు.

"మనుషుల్ని గుర్తుపట్టడం ఈమధ్య తగ్గిందా బాబాయిగారూ?" అన్నాడు.

"ఎగువపేటలో చూపిద్దామనుకుంటున్నాను" అన్నాను.

నాంచారమ్మ తలెత్తి నన్ను చూసింది. ఇమ్మానియేలు పలకలో పరీక్ష తప్పిందని నొక్కాడు. పరాయి మాటలు తీసేసే అనుమతి నా పేరు మీద వచ్చింది. టీ తాగి వెళ్లాడు. వాళ్లమ్మ వాళ్ల నాన్నను పేరు పెట్టే పిలుస్తుందని మాటల్లో చెప్పాడు.

శనివారం. వాన.

పలకలోని మాటలన్నీ విన్న చోటును బట్టి రెండుగా ఉన్నాయి. ఒకటి ఇల్లు. ఒకటి కట్ట. ఇల్లు చిన్నది. కట్ట ఎంత కిందికి జరిపినా అయిపోలేదు.

తీసేముందు చూసి తీయాలని పుస్తకంలో ఉంది. కట్టలోవి కొన్ని విన్నాను. ఆడవాళ్ల గోల, నీళ్ల చప్పుడు, మధ్యలో నాంచారమ్మ. ఎవరినో ఆటపట్టిస్తోంది. ఎవరి కూతురికో కాన్పు కష్టమైతే ధైర్యం చెబుతోంది. మొక్కలు లెక్క తప్పిన మేస్త్రీని దులిపేస్తోంది. ఒకచోట పాట పాడింది. ఆమెకు పాట వచ్చని నాకు తెలియదు.

ఇంకోచోట ఎవరో అడిగారు, "మీ ఆయన ఏమంటాడే నాంచారీ?" అని.

"ఏమంటాడు? ఆయన నోరు తెరవాలంటే పోటు రావాల. వస్తే, మోటారెయ్యి అంటాడు. ఆటొస్తే ఆపెయ్యంటాడు. నా కాపరం ఆ రెండు ముక్కలే" అంది. నేను మాట్లాడినట్టే, నా గొంతుతోనే, మోటారెయ్యి అని రెండోసారి అనుకరించి చూపించింది. అందరూ నవ్వారు. చాలాసేపు నవ్వారు.

గొంతు ఆమెదే. మాటలు ఆమెవి కావు అని రాసుకున్నాను.

కట్ట మొత్తాన్ని ఎంచుకుని తీసేశాను. తిరిగి రావని హెచ్చరించింది. సరే అన్నాను. ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకుంటాను.

ఆదివారం. తెరిపి ఇచ్చింది.

పలక బాగా పనిచేస్తోంది. అన్నం బొమ్మ తాకితే "అన్నం పెట్టండి" అంది. గ్లాసు తాకితే "మంచినీళ్లు" అంది. ఎక్కడా తడబాటు లేదు.

తరలింపు ప్రశ్న మళ్లీ వచ్చింది. నాంచారమ్మ ఒకచోట తాకింది. పలక ఏమీ అనలేదు. ఇంకోచోట తాకింది. వేలు పెట్టి నొక్కి ఉంచింది. ఇంట్లో ఆమె కాదన్న మాట ఏదీ లేదు కాబట్టి పలకకు దొరకలేదు. అలా చాలాసార్లు తాకింది. చివరికి పలక తన దగ్గర ఉన్నదాంట్లోంచి ఒకటి తీసి పలికింది.

"అట్టాగేనండి."

సమాధానం నమోదైందని అంది. నాంచారమ్మ పలకను బోర్లించి పక్కన పెట్టింది. నేను తీసి చేతికిచ్చాను. మళ్లీ బోర్లించింది.

పొద్దు వాలకముందే మాణిక్యం వచ్చింది. ఈసారి కాళ్లు కడుక్కోలేదు.

"అక్క వస్తానందంటగా. ఏదీ, నా ముందు అనమను."

నాంచారమ్మ పలకను తిప్పి తాకింది. "అట్టాగేనండి" అంది పలక. మళ్లీ తాకింది. "మంచినీళ్లు" అంది. మళ్లీ "అట్టాగేనండి." మాణిక్యం పలకను లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం చేశావు బావా?"

"పరాయి మాటలు కలిశాయి. తీసేశాను. ఆఫీసు అనుమతితోనే."

"ఎవరికి పరాయి?"

నేను పలక కోసం చెయ్యి చాచాను. ఇవ్వలేదు.

"మేము దాని పక్కన నిలబడి విన్న మాటలు బావా అవి. చలిలో, బురదలో, కడుపు కాలతా ఉంటే నవ్వించిన మాటలు. నీకు కొత్తయితే పరాయివి అయిపోతయ్యా?"

"దాని మంచికే చేశాను. ఇక్కడుంటే చచ్చిపోతుంది."

"నీ కాడుంటే?" అంది.

అక్క తల నిమిరి, పలకను ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. రేకు పెట్టె కిందికి దించి బట్టలు సర్దడం మొదలుపెట్టాను. ఏ చీరలు పెట్టమంటావని నాంచారమ్మను అడిగాను. "అట్టాగేనండి" అంది పలక.

మంగళవారం. లాంచీ వచ్చింది.

నిన్న రాయలేదు. సర్దడంతో సరిపోయింది.

పోటు నిండుగా ఉన్నప్పుడు లాంచీ రేవుకు వచ్చింది. నాంచారమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మెల్లగా దించాను. సామాను ముందే ఎక్కించాను. కట్ట మీద ఆడవాళ్లంతా పని ఆపి నిలబడ్డారు. మాణిక్యం రేవులోకి దిగి అక్క చెయ్యి పట్టుకుంది.

ఇమ్మానియేలు ఒక్కొక్కరినీ పేరు పిలిచి, చివరిసారి పలకలో అడిగించి ఎక్కిస్తున్నాడు. మా వంతు వచ్చింది.

"అమ్మా, ఎగువపేటకు వస్తున్నారా?"

నాంచారమ్మ మాణిక్యం చేతిలోంచి చెయ్యి తీసుకుంది. బొమ్మలేవీ తాకలేదు. పలక అడుగున ఉన్న అక్షరాల పేజీ తెరిచింది. గొంతు పోయిన కొత్తలో ఒకసారి చూపించాను. చెయ్యి వణుకుతుందని, కూడబలుక్కోవడం కష్టమని ఆమె వాడలేదు. ఆ పేజీకి మనిషి గొంతు ఉండదు. పోటు హెచ్చరిక చెప్పే గొంతే పలుకుతుంది.

వేలు ఒక్కో అక్షరం మీదికి వెళ్లి తప్పిపోతోంది. చెరిపి మళ్లీ తాకుతోంది. లాంచీ వాడు హారన్ కొట్టాడు.

"ఎక్కాక చూసుకోవచ్చు, పద" అన్నాను కుర్చీ వెనక పట్టుకుని.

"ఉండండి బాబాయిగారూ" అన్నాడు ఇమ్మానియేలు.

ఆమె ఆగకుండా వెతుక్కుంటోంది. మాణిక్యం వంగి ఆ అక్షరాలు చూసింది. నాంచారమ్మ వేలు ఎత్తింది. పలక మొత్తం చదివింది.

"పిచ్చేశ్వరరావు. నువ్వు పో. నేను రాను."

రేవంతా వినపడింది. కట్ట మీద ఒకావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పేరూ, ఆ నువ్వూ ఎవరిని ఉద్దేశించో తెలియనట్టు ఒక్క క్షణం నేను కూడా చుట్టూ చూశాను.

ఇమ్మానియేలు తన పలక తీసి పాత పరీక్ష చూశాడు. ఆమె వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"ఈ పేరే గదా ఆరోజు తాకనిది. ఎందుకు తాకలేదో మీకు తెలుసా బాబాయిగారూ?"

"తెలుసు" అన్నాను.

ఇమ్మానియేలు లాంచీ జాబితాలోంచి ఆమె పేరు తీసేసి, షెడ్ల జాబితాలో చేర్చాడు. ఆమె రేకు పెట్టెను దింపమని లాంచీ వాడికి చెప్పాడు. అది నేనే దింపాను. మాణిక్యం కుర్చీ తిప్పింది.

"ఆ మాటలు పోయాయి" అన్నాను ఆమెతో. "తిరిగి రావు."

"నీ కాడ పోయినయ్యి" అంది మాణిక్యం. "దాని పక్కన పనిచేసిన మా అందరి పలకల్లో ఉన్నయి. ఒక్కొక్కటి ఏరి ఎక్కించుకుంటాం. నీకెందుకు, పో, లాంచీ పోద్ది."

నాంచారమ్మ నావైపు తిరగలేదు. కుర్చీ ఏటవాలు ఎక్కలేకపోతే ఇద్దరు ముగ్గురు దిగి వచ్చి ఎత్తి పట్టుకున్నారు. ఉండిపొమ్మని నాతో ఎవరూ అనలేదు. పంపుల పని శుక్రవారమే వేరేవాళ్లకు అప్పగించేశాను.

లాంచీలో ఆమెకని ఉంచిన చోటు ఖాళీగా ఉంది. వెనకవాళ్లు బియ్యం బస్తా ఒకటి తెచ్చి, ఇక్కడ పెట్టుకోవచ్చా అన్నారు. పెట్టుకోమన్నాను. పాయ దాటేటప్పుడు లాంచీ బాగా ఊగింది. బస్తా జారిపోకుండా ఎగువపేట దాకా పట్టుకుని కూర్చున్నాను.